బాపయ్య చెప్పిన మేకపోతు జాగ్రత్తలు

రాయచూరు దగ్గరి మల్లట్ ఊళ్లో ట్రాక్టరు తోలే బాపయ్యకు తుంటి విరిగింది ట్రాక్టరు మీంచి పడి కాదు, మేకపోతు కుమ్మి. ఊరివాళ్లు దేవతకు వదిలిన పోతు అది. ఎవరి పెరట్లోనైనా మేస్తుంది, ఎవరూ అదిలించరు. ఆ పొద్దున బాపయ్య కాలువ గట్టున వంగి మొహం కడుక్కుంటుంటే వెనకనుంచి వచ్చి ఒక్క కుమ్ము కుమ్మింది. తూము రాతి మీద పడ్డాడు. రాయచూరులో ఆపరేషన్ అయింది గానీ, ఆ కాలు క్లచ్ తొక్కడానికి మళ్లీ పనికిరాలేదు.

భార్య తులసమ్మ నాట్లకు పోవడం మొదలుపెట్టింది. ఆయన అరుగు మీద కుర్చీ వేయించుకుని, దారిన పోయేవాళ్లకు జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టాడు.

"దాని ముందు వంగమాక. చెప్పు తెగితే తెగనీ, వదిలేసి పో. చంకలో తోటకూర పెట్టుకుని బయలుదేరావా, నువ్వే దాని భోజనం. పరిగెత్తావంటే ఇంకా హుషారొచ్చి తరుముద్ది. కదలకుండా నిలబడి కళ్లలోకి చూడు. సిగ్గుపడి పోద్ది."

జనం ఆగి నవ్వేవారు. మళ్లీ చెప్పించుకునేవారు. ట్రాక్టరు దిగాక ఆయన దగ్గర ఎవరైనా ఆగింది అందుకే. ఆగుతున్నారు కదా అని కొత్త కొత్తవి కల్పించేవాడు. కళ్లలోకి చూడమన్నదీ అలా కల్పించిందే.

పోతును కట్టేయించమని గుడి పెద్ద లింగప్పను బతిమాలాడు కూడా.

"దేవరది బాపయ్యా, కట్టేస్తే ఊరికి మంచిది గాదు," అన్నాడాయన. "నీకు గిట్ల రాసుండె. ఏం జేస్తం?"

నాట్ల రోజుల్లోనే పక్క వీధి అంబమ్మ కుడిచేతికి సిమెంటు కట్టుతో వచ్చి అరుగు ముందు నిలబడింది.

"నిలబడి సూడమంటివి గదన్నా. నిలబడితి. కండ్లల్లకు సూస్తి. దానికి సిగ్గు లేదు, గిగ్గు లేదు. ఉరికొచ్చి కుమ్మె."

ఆమె నవ్వలేదు. కూలికి పోయే చెయ్యి అది.

ఆ తర్వాత అరుగు ముందు ఎవరూ ఆగలేదు. ఆగినా ఆయన చెప్పేవాడు కాదు.

ఒక సాయంత్రం పోతు అరుగెక్కింది. లేవడానికి ఊతకర్ర అందలేదు. అది ఆయన ఒళ్లోని తువ్వాలు అంచు పట్టుకుని నములుతూ నిలబడింది. ఆయన లాక్కోలేదు. పొలం నుంచి వస్తున్న తులసమ్మ వీధి మలుపులోనే ఆగిపోయింది.

"ఏం చెయ్యమంటారండీ?" అని కేకేసింది.

"నాకు తెలవదే," అన్నాడు బాపయ్య.