శనివారం అమ్మది, శుక్రవారం నాది

"అరబ్బు దేశంలో ఎవర్ని మార్చడానికి వెళ్ళావు?" అని ఇప్పటికీ అడుగుతారు. ఎవర్నీ కాదు. మిషనరీలమైనా బహ్రెయిన్‌లో మేం వీధుల్లో నిలబడి ఎవరికీ ఏమీ బోధించకూడదు, ఎవరి తలుపూ తట్టకూడదు. క్రైస్తవంలోనే ఒక శాఖ అయిన మా మోర్మన్ చర్చికి వచ్చేవాళ్ళలో చాలామంది ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నర్సులు, దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళు. వాళ్ళ ఇళ్ళకు వెళ్ళడం, జ్వరమొస్తే జావ కాచివ్వడం, పిల్లల చేత చదివించడం, కలిసి ప్రార్థన చేసుకోవడం, ఇదీ మా ఘనకార్యం. ఈమాత్రం దానికి బ్యాంకు కోచింగ్ మానేసి సముద్రం దాటి వెళ్ళాలా అని రాజమండ్రిలో మా వీధి వీధంతా బుగ్గలు నొక్కుకుంది.

వీధి నొక్కుకుంటే నొక్కుకుంది. అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. అదే నా బాధ.

చిన్నప్పుడు నాకు టైఫాయిడ్ ముదిరి, చేతికి దక్కనన్నారట. అమ్మ వెంకన్నకు మొక్కుకుని శనివారం ఉపవాసం పట్టింది. నేను లేచి తిరిగాక కూడా వదల్లేదు. కాలేజీ రోజుల్లో చర్చికి వెళ్తానంటే సణుక్కుంటూనే ఊరుకుంది. మా చర్చిలో తాగరని కాఫీ మానేస్తే "పోన్లే, పాలు మిగులుతాయి" అంది. మిషనరీగా వెళ్ళమని పిలుపు వచ్చిందని చెప్పిన రోజు మాత్రం, "నిన్ను దక్కించుకోవడానికి ఇన్నేళ్ళూ కడుపు మాడ్చుకున్నది, ఎవరికో అప్పజెప్పడానికా?" అని లోపలికెళ్ళి తలుపేసుకుంది. విమానం ఎక్కే రోజు కూడా ఊరగాయ సీసా నాన్న చేతికిచ్చి పంపింది గానీ నా మొహం చూడలేదు.

వారానికోసారి ఇంటికి వీడియో కాల్ చేసుకోనిచ్చేవారు. నాన్న ఒక్కరే కనిపించేవారు. వెనక వంటింట్లో గిన్నెలు దడదడలాడేవి. "అమ్మ పనిలో ఉందమ్మా" అనేవారు నాన్న. నాకూ పౌరుషం ఉంది, పిలవమని అడిగేదాన్ని కాదు. ఫోన్ పెట్టేశాక స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చేదాన్ని.

అమ్మ చిన్ననాటి స్నేహితురాలు ఒకావిడ అక్కడే బహ్రెయిన్‌లో, జింజ్ అనే పేటలో ఉంటుంది. ఒక స్కూల్లో లెక్కల టీచరు. నేను పిన్ని అంటాను. అమ్మ నాతో మాట్లాడదు గానీ పిన్నికి రోజూ ఫోన్ చేసి నేను చిక్కానా, నల్లబడ్డానా అని ఆరా తీస్తుందని నాకు తెలుసు. ఆ వేగు ఒకరోజు నాకు ఫోన్ చేసింది.

"ఈ శుక్రవారం మధ్యాహ్నం భోజనానికొచ్చేయండి ఇద్దరూ. ఎప్పుడు పిలిచినా పనంటావు. మీ అమ్మకి నేనేం చెప్పుకోవాలే?"

ఇద్దరూ అనడం ఎందుకంటే మిషనరీ నియమం ప్రకారం మేం ఎప్పుడూ జంటగానే ఉండాలి. నా జంట ఫిలిప్పీన్స్ పిల్ల. అన్నం చూస్తే చాలు, మొహం చేటంత చేసుకుంటుంది. చర్చి పెద్దాయన్ని అడిగి, వస్తామని చెప్పేశాను.

తప్పు అక్కడే జరిగింది. నెలలో మొదటి ఆదివారం మాకు ఉపవాసం. ముందు రోజు రాత్రి భోజనం తర్వాత మళ్ళీ ఆదివారం సాయంత్రం దాకా మెతుకు ముట్టం, నీళ్ళు కూడా తాగం. మిగిలిన తిండి ఖర్చు లేనివాళ్ళకిస్తాం. బహ్రెయిన్‌లో సెలవు శుక్రవారం కాబట్టి మా ఆదివారాన్ని శుక్రవారానికి జరుపుకున్నాం. నా బుర్ర మాత్రం జరగలేదు. గురువారం రాత్రి ఉపవాసం మొదలుపెట్టే ప్రార్థనకు మోకరిస్తే, పక్కనుంచి నా జంట మెల్లగా అడిగింది, రేపు మనం భోజనానికి వెళ్ళాలి కదా అని.

రాలేమని ఫోన్ చేస్తే, "నా ఇంటికి కూడా రానందే నీ కూతురు" అని అమ్మకి చేరుతుంది. వెళ్ళి తినకపోయినా అంతే. పోనీ తినేద్దామా అంటే, ఆ నెల ఉపవాసం నేను ఉంటున్నదే అమ్మ నాతో మాట్లాడాలని. చివరికి వెళ్ళి మొహం మీదే చెప్పేద్దామనుకున్నాం.

పిన్ని బల్ల నిండా గిన్నెలు పరిచింది. మూతలు ఒక్కొక్కటే తీస్తుంటే గోంగూర పప్పు, గుత్తివంకాయ, పులిహోర, రొయ్యల ఇగురు. నా జంట కళ్ళు మూసుకుంది. ప్రార్థన కోసం కాదని నాకు తెలుసు.

"పిన్నీ, మాకివాళ ఉపవాసం" అన్నాను.

గరిటె పిన్ని చేతిలోనే ఉండిపోయింది. "మీకూ ఉంటాయా ఉపవాసాలు? నీళ్ళైనా తాగుతారా?"

"తాగం."

"ఈ పిల్ల కూడానా?"

సరిగ్గా అప్పుడే ఈ పిల్ల కడుపు గుర్రుమంది. పిన్ని నవ్వాపుకోలేకపోయింది. "ముందే చెప్పి చావొచ్చు కదే? పొద్దుట్నించీ పొయ్యి దగ్గరే పడున్నాను" అంటూ మూతలు పెట్టడం మొదలెట్టింది. కోపం రాలేదని తెలిశాక నాకు సగం ఊపిరి వచ్చింది.

"ఇంతకీ దేనికోసం? ఊరికే ఎవరూ కడుపు మాడ్చుకోరుగా."

"అమ్మ మాట్లాడాలని" అన్నాను.

పిన్ని నన్నొకసారి చూసి, ఇంకేం అడక్కుండా ఫోన్ తీసింది. "నీ కూతురు నా ఇంట్లో మెతుకు ముట్టలేదే. నా వంట బాగోక కాదు, ఉపవాసమట. నీళ్ళు కూడా లేవట. ఎందుకో అడుగు... నువ్వడగవులే, నేనే చెప్తాను. నీ గొంతు వినాలనిట."

పిన్ని ఫోన్ బల్ల మీద పెట్టింది. "మీ అమ్మ కాల్ కట్ చేసేసింది."

ఒళ్ళు మండిపోయింది నాకు. అమ్మ మీదే కాదు, దేవుడి మీద కూడా. ఉపవాసం దేవుడితో బేరం కాదని మాకు చెప్తారు. ఆ మధ్యాహ్నం నేను నిస్సిగ్గుగా బేరమే ఆడాను. నా జంట సోఫాలో నిద్రపోయింది. పిన్ని పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చుంది, తనూ తినలేదు. తినమంటే, "మీరలా నోరు కట్టుకుని కూర్చుంటే నాకెలా దిగుతుందే?" అంది.

సాయంత్రం మసీదులో బాంగు వినిపించింది. మేమూ మోకరించి మా ఉపవాసం ముగించాం. పిన్ని అన్నీ వేడిచేసింది. మంచినీళ్ళ గ్లాసు అందుకోబోతుంటే ఫోన్ మోగింది. పిన్ని చూసి నా చేతికిచ్చింది.

"నీళ్ళు తాగావా?"

అమ్మ. పలకరింపూ లేదు, పేరు పెట్టి పిలవడమూ లేదు.

"ఇంకా లేదమ్మా."

"ముందు తాగు. గబగబా తాగకు, పొలమారుతుంది."

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని తాగాను. అమ్మ వింటూ ఉంది. ఒంట్లోంచి ఏదో పెద్ద బరువు దిగిపోయింది. ఇన్ని నెలలూ ఎంత బిగబట్టుకుని తిరిగానో అప్పుడు తెలిసింది నాకు.

"నీళ్ళు కూడా మాన్పించే ఉపవాసం ఎవరు పెట్టారే మీకు? నేనైనా మజ్జిగ తాగుతాను" అంది. "పిన్ని ఏం చేసింది?"

చెప్పాను.

"వంకాయలో కారం దంచి పోస్తుంది అది. ఖాళీ కడుపు, పెరుగన్నంతో మొదలెట్టు."

"నువ్వు తిన్నావా అమ్మా?"

రాజమండ్రిలో అప్పటికే రాత్రి భోజనాల వేళ దాటిపోయింది.

"నువ్వు తిన్నావని తెలియకుండా ఎలా తింటానే? రేపు శనివారం, నాకెలాగూ తప్పదు. నీ పుణ్యమా అని ఈ శుక్రవారం కూడా తగులుకుంది."

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి నాకు. "కంచం తెచ్చుకో అమ్మా, ఇద్దరం కలిసే తిందాం" అన్నాను.

వంటింట్లో గిన్నె మూత తీసిన చప్పుడు వినిపించింది, ఈసారి మెల్లగా.