రాజవ్వకు మిషిన్ పని చెయ్యదు

2019 ఎండాకాలం. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో నా క్లినిక్. చెవులు పరీక్ష చేసే చోటు ఇంత గోలలో పెట్టావేంటని అడగనివాళ్లు లేరు. మనుషులు వచ్చే చోట పెట్టాలి గానీ అడవిలో పెడతానా? నేను ఆడియాలజిస్ట్‌ని. ఎవరికి ఎంత వినబడుతుందో కొలిచి, అవసరమైతే వినికిడి మిషన్ అమర్చడం నా పని. డాక్టరమ్మా అని పిలిస్తే కాదని చెప్పి చెప్పి, విసుగొచ్చి మానేశాను.

ఆ రోజు ఎల్బీనగర్ నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. అరవై దాటిన సుభద్రమ్మ, పట్టుచీరలో. ఆమె వెనక, భుజాన గుడ్డసంచితో, నాలుగైదేళ్లు చిన్నదైన రాజవ్వ.

"దీనికి దసరా కాడికెల్లి చెవుడొచ్చింది డాక్టరమ్మా," అంది సుభద్రమ్మ. "పిలిస్తే పలుకుతలేదు, గంట కొట్టినా ఒస్తలేదు. మంచి మిషిన్ చూసి పెట్టున్రి. మా మనుమరాలు నాగోల్‌ల ఉంటది, మొన్ననే కాన్పయ్యింది. పసిపిల్లను చూస్కోనీకె దీన్ని ఆమెకు ఇద్దామనుకుంటున్నం."

"ఇవ్వడమేంటమ్మా? ఈమె మీకేమవుతుంది?"

"ఏమైతది? నా పెండ్లికి మా నాయన ఇచ్చిండు. మంచం, బిందెలు, బీరువా, ఈ రాజీ. దాని తల్లి మా అమ్మ ఎంబడి ఒచ్చింది, ఇది నా ఎంబడి." నవ్వుతూనే చెప్పింది. "మా ఇంట్ల మనిషే. ఏనాడన్న బయటిదాని లెక్క చూసినమా?"

మా నానమ్మది పోచంపల్లి దగ్గరి మగ్గాల ఊరు. ఆడబాప అనే మాట ఆమె నోట చిన్నప్పుడు విన్నాను. దొరల బిడ్డకు పెళ్లయితే వెంట ఒక పిల్లను ఇచ్చి పంపేవారట. ఆ పిల్లకు పెళ్లి లేదు, ఇల్లు లేదు. పిల్లలు పుడితే వాళ్లు కూడా గడీ సొత్తే. అదంతా నిజాంతో పాటే పోయిందని డిగ్రీ పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. పోయిందన్నది మెట్రో ఎక్కి వచ్చి నా ముందు నిలబడింది.

పని మొదలుపెట్టాను. మొదట ప్యూర్ టోన్ టెస్ట్. సౌండ్‌ప్రూఫ్ గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్స్ పెట్టి సన్నటి కూతలు వినిపిస్తాం, వినబడ్డప్పుడల్లా వేలెత్తాలి. రాజవ్వ వేలు లేవలేదు. లారీ హారన్ అంత పెంచాను. లేవలేదు. తర్వాత ఓ.ఏ.ఈ. అనే పరీక్ష. దీనికి పేషెంట్ ఏమీ చెయ్యనక్కర్లేదు. లోపలి చెవి బాగుంటే, పంపిన శబ్దానికి అదే సన్నటి జవాబు తిరిగి పంపుతుంది. మిషన్ ఆ జవాబును పట్టుకుంటుంది. రాజవ్వ రెండు చెవులూ చక్కగా జవాబిచ్చాయి.

ఒక్కోసారి నరంలో లోపం ఉన్నా ఇట్లా వస్తుంది. అందుకని మా పాత ఉపాయం వాడాను. వెనక నిలబడి మెల్లగా, "రాజవ్వా, కొంగు మీద బల్లి," అన్నాను. చెయ్యి చటుక్కున కొంగు మీదికి పోయింది.

పింఛను సర్టిఫికెట్ కోసం చెవుడు నటించేవాళ్లను నేను కడిగేస్తాను. ఆ కోపంతోనే గది తలుపు వేసి ఎదురుగా నిలబడ్డాను.

"తలుపు మంచిగ పడ్డదా బిడ్డా?" అంది రాజవ్వ.

"పడ్డది. లోపలి మాట బయటికి పోదు. నీకు నాకంటే మంచిగ వినబడుతది. ఎందుకీ నాటకం?"

"మోకాళ్లు నొస్తున్నయంటే గోలీలిప్పిచ్చిన్రు. కండ్లు కనబడ్తలెవ్వంటే ఆపరేషన్ చేపిచ్చిన్రు. మంచిగనే చూస్కుంటరు, అబద్ధమెందుకు? చెవుడుకు మందు లేదనుకున్న. గీ మిషిన్లుంటయని నాకేమెర్క?"

"రానని చెప్పొచ్చు కదా!"

"రాను అనే మాట మా అవ్వ నాకు నేర్పలే. చెవిటిదాని చేతుల పసిపిల్లను ఎవ్వలు పెడ్తరు? పనికిరాదంటే ఇడిచిపెడ్తరు. మా చెల్లె పెండ్లి చేస్కొని బయటపడ్డది. దాని బిడ్డ లక్ష్మి నాదర్‌గుల్‌ల ఉంటది. నా ఇంటికి రా పెద్దమ్మా అంటది. సచ్చేలోపట జర నా మనుషులల్ల ఉంట."

నా ఒళ్లు మండిపోయింది. ఇది వెట్టి, చట్టం ప్రకారం నేరం, నడువు పోలీస్ స్టేషన్‌కు పోదాం అని నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"లొల్లి చేసి నువ్వు మీ ఇంటికి పోతవ్. నేనేడికి పోవాలె? నాకు చెవుడని రాసియ్యి, చాలు."

అబద్ధపు రిపోర్టు మీద నేను సంతకం పెట్టను. ఎందరో పెద్దమనుషులతో దానికోసమే తగువులాడాను. అదే చెప్పాను. "రిపోర్టు నీది, నీ చేతికే ఇస్త. ఆమెకు చూపెట్టను. మిషిన్ పని చెయ్యదని మాత్రం చెప్త. అది నిజమే గద." రాజవ్వ మొదటిసారి నవ్వింది.

బయటికొచ్చి అదే చెప్పాను. "ఈమెకు మిషన్ పెట్టి లాభం లేదమ్మా."

"అయ్యో." సుభద్రమ్మ నిట్టూర్చింది. "ఇంగ దీంతోటి ఏం పనైతది? నాదర్‌గుల్‌ల దీని చెల్లె బిడ్డ ఉంటది, ఆడ దించొస్తం."

నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ మురిపెం నిమిషం నిలవలేదు.

"ఆ లక్ష్మి బిడ్డ పది తప్పి ఇంట్లనే ఉన్నదట," అంది సుభద్రమ్మ, కూరగాయలు బేరం చేసినంత తేలిగ్గా. "దీని బదులు ఆ పిల్లను పంపుమంట. ఇంత కాలం దీన్ని సాదినం, కాదంటరా?"

వెనక నుంచి రాజవ్వ ముందుకొచ్చింది.

"దొరసానీ, నాకు వినబడ్తది."

సుభద్రమ్మ గిరుక్కున ఆమె వైపు తిరిగింది.

"ఆ పిల్లను అడగొద్దు. ఆ పిల్ల రాదు. నేను గూడ రాను."

"వినబడ్తదా నీకు? మరి గిన్నొద్దులు నేను గొంతు చించుకుంటుంటే..."

"అన్నీ ఇన్న."

తిడుతుందనుకున్నాను. సుభద్రమ్మ తిట్టలేదు. చుట్టూ చూసి, తప్పిపోయిన పిల్లలా అడిగింది, "గట్లంటే ఎట్లనే? నేనొక్కదాన్నే ఇంటికెట్ల పోవాలె?"

నిజంగానే అడిగింది. ఎన్నడూ ఒంటరిగా పోలేదట. రాజవ్వ భుజం మీది సంచి తీసి ఆమె ఒడిలో పెట్టింది. "తాళాలు సంచిలనే ఉన్నయ్. బీపీ గోలీ అన్నం తిన్నంక ఏస్కోన్రి."

నేను ఫోన్ చేస్తే కొడుకొచ్చి తల్లిని తీసుకుపోయాడు. మా ఇంటి విషయంలో మీరెందుకు కల్పించుకున్నారన్నాడు. ఇంటి విషయమైతే ఇంట్లోనే ఉంచుకోవాల్సింది, నా దగ్గరికెందుకు తెచ్చారన్నాను. కబురందగానే లక్ష్మి స్కూటీ మీద పరుగున వచ్చింది. పెద్దమ్మను వెనక కూర్చోబెట్టుకుని, ఏడుస్తూ నడుపుకుంటూ పోయింది.

చదువుకున్నదాన్ని కదా, ఒక మనిషిని తప్పిస్తే పని అయిపోయినట్టే అనుకున్నాను. ఆ మనిషి ఖాళీ చేసిన జాగాలోకి ఇంకో పిల్లను లాగుతారని నాకు తట్టనేలేదు. రాజవ్వకు వెంటనే తట్టింది. అందుకే చేతికందిన విడుదలను వదిలేసి, తల్లి నేర్పని మాటను తనంతట తనే పలికింది.

ఇప్పుడు నా దగ్గరికి పేషెంట్‌ను తెచ్చినవాళ్లను ముందు బయట కూర్చోబెడతాను. తలుపు వేసి, "నీకు వినబడాలని ఉందా?" అని అడుగుతాను. ఇదేం ప్రశ్న అని నవ్వేవాళ్లే ఎక్కువ. ఎప్పుడో ఒకరు మాత్రం నవ్వరు. తలుపు వంక చూస్తారు.