పంచాంగం విన్న శనివారం

అమెరికా ప్రెసిడెంటు రెండోసారి గెలిచాక వచ్చిన ఉగాది అది. మా మోరిస్‌విల్‌లో పండగ ఏ వారం పడ్డా చేసుకునేది శనివారమే. గుడి హాల్లో పంతులుగారు పంచాంగం చదువుతూ, ఈ ఏడు రాజుకీ మంత్రికీ పొసగదన్నారు.

"ఇది పంచాంగమా, వాషింగ్టన్ వార్తలా పంతులుగారూ?" అన్నారెవరో. హాలంతా నవ్వింది.

"రెండో టర్మ్ కదా, మళ్లీ ఓట్ల భయం లేదు. ధైర్యంగా చేస్తాడు."

"ఏం చేస్తాడు బావా? కాంగ్రెస్‌లో బిల్లు కదలాలి గదా!"

నాకు నవ్వు రాలేదు. మా మనవరాలు రెండేళ్లప్పుడు ఈ దేశం వచ్చింది. ఇరవై ఒకటి నిండితే తండ్రి వీసా మీద ఉండే వీలు పోతుంది. ఆ చట్టం మార్చే బిల్లే ఏళ్ల తరబడి మూలపడి ఉంది.

అంతలో ఆ పిల్లే లేచి, బావా అన్నాయన వైపు తిరిగింది. "అంకుల్, మీకు వోట్ ఉంది కదా? సెనేటర్ ఆఫీస్‌కి ఎప్పుడైనా కాల్ చేశారా? నాకు వోట్ లేదు. నా కోసం చేయండి ప్లీజ్."

 ఆయన, "ఇవాళ శనివారం, ఎవరూ ఎత్తరు కదమ్మా?" అన్నాడు.

"మెసేజ్ పెట్టండి అంకుల్."

ఉగాది పచ్చడి కప్పు పక్కన పెట్టి ఆయన ఫోన్ తీశాడు. ఆయన్ని చూసి మరొకరు, ఆ వెనక ఇంకొకరు.

బిల్లు ఇప్పటికీ కదల్లేదు. ఆ రోజు మాత్రం పక్కావిడతో, "మా మనవరాలే" అన్నాను.

"ఇందాకట్నుంచీ అదే చెప్తున్నారు పిన్నిగారూ!" అందావిడ.