తోమె బామ్మగారి భయం

ఇనాగాకి తోమె బామ్మగారికి దెయ్యాల మాంగా బొమ్మల కథలంటే ప్రాణం. వచ్చిన చిక్కల్లా ఒక్కటే, పేజీ తిప్పాలంటే ఆవిడకి భయం.

ఎనభై రెండేళ్ళ మనిషి. మోకాళ్ళ దాకా మంచులో దిగబడుతూ, ఎదురింటి నుంచి సాయంత్రం అయిదింటికల్లా మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యేవారు. చంకలో పుస్తకం.

"ఏమే చిసాతో, కొతాత్సు వేశావా?"

"లేదండీ. ఒక్కదాన్నేగా."

"నీకోసమని ఎవరన్నారే? దెయ్యాన్ని చూస్తే నా కాళ్ళు చల్లబడతాయి. వెయ్యి!"

ఆ నవంబరులోనే మావారు పోయారు. పొద్దుగూకితే ఇల్లు మింగేసేలా ఉండేది. వంట మానేశాను. పొయ్యి దగ్గర నిలబడే చల్లటి అన్నం రెండు మెతుకులు తిని పడుకునేదాన్ని. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

కొతాత్సు బల్ల కింద హీటరుంటుంది, వెచ్చగా. దాని దుప్పట్లో కాళ్ళు దూర్చుకుని చదివేవాళ్ళం. ఈ మాంగాలు గీసేవాళ్ళది ఒక టక్కు. కుడి నుంచి ఎడమకి చదివే పుస్తకాలు కదా, ఎడమ పేజీ చివరి బొమ్మలో ఎవరో ఒకరు తలుపు తీస్తారు. తలుపు వెనక ఏముందో కాగితం వెనక ఉంటుంది. సరిగ్గా అక్కడికి రాగానే బామ్మగారు దుప్పటి నెత్తిమీదికి లాక్కునేవారు.

"నువ్వు తిప్పు!"

తిప్పేదాన్ని.

"ఏముంది?"

"ఒకావిడ. మెడ మూడు మూరలుంది."

"అయ్యబాబోయ్!" ఆ కేకకి మా పైకప్పు మీది మంచు జారిపడేది. "జుట్టు ముడేసుకుందా, విరబోసుకుందా?"

"ముడేసుకుంది."

"మర్యాదస్తురాలే. అయితే చూస్తా."

కథ మంచి పట్టులో ఉండగా పుస్తకం ఠక్కున మూసేసేవారు. "ఇక నావల్ల కాదు. కడుపులో వేడిగా ఏదైనా పడితేగాని ధైర్యం రాదు." చేసేదేముంది, లేచి సోయా ముద్దతో మిసో పులుసు కాచేదాన్ని. ఆవిడకి పోసి నేను ఊరుకుంటే, "దెయ్యంలా అలా చూడకు, తిను" అని కసిరేవారు.

ఒక మధ్యాహ్నం ఉడికించిన ముల్లంగి పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. కోడలు మిజుహో తలుపు తీసింది. లోపల కిటికీ వెలుగులో బామ్మగారు కమలా తొనలు నోట్లో వేసుకుంటూ చదువుకుంటున్నారు. పేజీలు టకటకా తిరుగుతున్నాయి.

"ఏం పళ్ళే అవి! వాటితో తొన కూడా కొరకలేవు, పిచ్చిదానా!" అని బొమ్మలోని దెయ్యాన్ని ఎగతాళి చేస్తున్నారు.

"భయం వెయ్యదా?" అన్నాను గుసగుసగా.

మిజుహో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అత్తయ్యకా? అది రేపటి పుస్తకం. ఇవాళ్టిది నిన్ననే అయిపోయింది. గుర్తుకి చీటీలు కూడా పెట్టుకున్నారు. మీ ఇంటికొచ్చే ముందు పీకేస్తారు."

చెప్పుల అర మీదున్న ఇవాళ్టి పుస్తకం తెరిచాను. మధ్యమధ్య చీటీలు, వంకర అక్షరాలు. 'ఇక్కడ అరవాలి.' 'ఇక్కడ ఇంకా గట్టిగా.' ఒకదాని మీద మాత్రం, 'ఇక్కడ ఆపాలి. చిసాతోకి అన్నం వేళ.'

నేను చూసినట్టు చెప్పొద్దని మిజుహోని బతిమాలి వచ్చేశాను. ఆ సాయంత్రం కేకలన్నీ చీటీ ప్రకారం పడ్డాయి.

ఫిబ్రవరిలో ఆఖరి భాగం ముగిసింది. బామ్మగారు అట్ట నిమురుతూ కాసేపు కూర్చుని, "అయిపోయిందే" అని లేచారు. ఇక ఏ వంకన వస్తారు?

"బామ్మగారూ, ఇప్పుడు నాకు భయంగా ఉంది. రేపు మొదటి భాగం నుంచి మళ్ళీ చదువుదామా?"

"అదేంటే, ఏ తలుపు వెనక ఏముందో తెలిసిపోయిందిగా?"

"నాకేం గుర్తులేదు."

ఆవిడ నా మొహంలోకి చూసి, తలగుడ్డ బిగించుకున్నారు.

"నాకూ లేదు."

గుమ్మం దిగి, మంచులోంచి కేకేశారు.

"రేపు పులుసులో చేప కూడా వెయ్యవే! మొదటి భాగంలో మొత్తం ఏడుగురు చస్తారు!"