మిర్వా తిరిగివ్వని బూట్లు

మిర్వాను ఆసుపత్రిలో చూడటానికి కోచ్ మార్కెట్టా రాలేదు. జట్టు కోటు కోసం మనిషిని పంపింది. నీలం కోటు, వీపు మీద 'రీతె' అని జట్టు పేరు. చీలమండ విరిగి పడుకున్న పిల్లకి ఇక దానితో పనేముంది, ఆమె చోటులోకి వచ్చిన అమ్మాయికి కావాలి అని కబురు. పద్దెనిమిదేళ్ళ మిర్వా ఆ కోటును తల్లిచేత ఉతికించి, ఇస్త్రీ చేయించి, మడతపెట్టి పంపింది.

నిజానికి ఆ చీలమండ, ప్రపంచ పోటీలకి జట్టును ఎంచే పోటీకి ముందే వాచి ఉంది. "డాక్టరు దగ్గరికి వెళ్తే ఆడొద్దంటాడు. వద్దనేవాడి దగ్గరికి వెళ్ళడం దేనికి?" అంది మార్కెట్టా. వాచిన కాలు స్కేటింగ్ బూటులో పట్టలేదు. వంటింటి కత్తి తెచ్చి లోపలి తోలు చీల్చింది, మెత్తను తవ్వి తీసింది, మోకాలు ఆనించి లేసులు తనే బిగించింది. "నొప్పి కాల్లో ఉండదు మిర్వా. బుర్రలో ఉంటుంది."

మంచు మీద పదహారుమంది ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని ఒకే మనిషిలా తిరగాల్సిన ఆట అది. రెండు వరసలు ఎదురెదురుగా దూసుకొచ్చి ఒకరి సందులోంచి ఒకరు దాటిపోయే చోట మిర్వా కుప్పకూలింది. పడినవాళ్ళవైపు చూడకూడదు, ఖాళీ మూసేసి సాగిపోవాలి. ఆ ఆటలో చేరిన ఏ పిల్లకైనా ముందు నేర్పేది ఇదే. మిగతావాళ్ళు ఖాళీ మూసేసి సాగిపోయారు. అయినా రీతె గెలిచింది. ఫిన్లాండ్ తరఫున ప్రపంచ పోటీలకి వెళ్ళి పతకంతో తిరిగొచ్చింది. ఊరంతా జెండాలు పట్టుకుని స్టేషనుకి వెళ్ళింది. పత్రికవాళ్ళు అడిగితే మిర్వా ఒక్కటే చెప్పింది: "నేనే జారాను."

పాతికేళ్ళ కిందటి మాట ఇది. ఆమె మరిచిపోలేదు, క్షమించనూ లేదు. కోయివురంత అనే ఆ ఊళ్ళోనే, మంచు హాలు పక్కనే, స్కేటింగ్ బూట్ల అడుగున ఉండే బ్లేడ్లకి సానపట్టే కొట్టు పెట్టుకుంది. చలి ముదిరితే కుంటుతుంది. మార్కెట్టా ఫొటో పేపర్లో పడ్డప్పుడల్లా కత్తిరించి, సానరాయి కింద ఇనపరజను రాలే రేకు పళ్ళెంలో పరిచేది. సాయంత్రానికి ఆ నవ్వుముఖం నల్లబడిపోయేది. దులిపి, మర్నాటికి మళ్ళీ పరిచేది.

హాల్లో మంచు చదునుచేసే బండి నడిపే ఔలిస్ కాఫీకని వచ్చి ఆటపట్టించేవాడు.

"ఈసారి ఫొటో బాగా పడిందే. పళ్ళన్నీ కనబడుతున్నాయి."

"అందుకే రజను సరిగ్గా నోట్లో పడేట్టు పెట్టాను."

"నీ పగకి పెన్షనిచ్చి ఇంటికి పంపేయొచ్చు కదా, పాపం ముసలిదైపోయింది."

"నీకు తెలీదులే. అది ఇప్పుడిప్పుడే వయసుకొస్తోంది."

రీతె బ్లేడ్లు సానకి లాహ్తి పట్నానికి వెళ్ళేవి. పక్కనే ఉన్న మిర్వా కొట్టు గడప మార్కెట్టా ఎన్నడూ తొక్కలేదు. ఆ శీతాకాలం, ప్రపంచ పోటీలకి జట్టును ఎంచే పోటీ ముంచుకొస్తుండగా, లాహ్తి సానవాడు జబ్బుపడ్డాడు. జట్టు ప్రయాణాలూ సామానూ చూసే యోర్మా అనే ఆయన ఊరికి కొత్త, పాత కథలేవీ తెలియవు. పిల్లలందరి బూట్లూ పెట్టెల్లో సర్ది తెచ్చి మిర్వా బల్ల మీద పెట్టి, "రేపటికి అందితే చాలు" అని దణ్ణం పెట్టినంత పనిచేసి వెళ్ళాడు.

"మేకల మందని తెచ్చి తోడేలుకి అప్పగించాడు" అన్నాడు ఔలిస్.

"కాఫీ అయింది కదా. ఇక పో."

అతను వెళ్ళగానే గడియపెట్టింది. బ్లేడుకి రెండంచులు. ఒక అంచు వెంట్రుకవాసి తగ్గిస్తే చాలు. చేయీ చేయీ కలిపి చక్రంలా తిరిగేటప్పుడు అందరికన్నా వేగంగా పోయేది చివరి పిల్ల. ఆ పిల్ల జారితే పక్కపిల్లని లాగుతుంది, ఆ పిల్ల ఇంకో పిల్లని. మార్కెట్టా కట్టుకున్న పేరంతా జనం కళ్ళెదుట మంచు మీద వెల్లకిలా పడుతుంది. ఆ ఊహ మిర్వాకు బెల్లంముక్కలా ఉంది. రాయి తిప్పింది. పైనున్న బూటు అందుకుంది. 'వెన్లా' అని చీటీ ఉంది. బిగించడానికి తలకిందులు చేసేసరికి లోపల్నించి మెత్తముక్క ఒకటి జారి పళ్ళెంలో పడింది. దాని మీద ఎండిన నెత్తురు.

చెయ్యి లోపలికి పెట్టింది. చీలమండ దగ్గర తోలు చీల్చి ఉంది. అదే చోట, అదే వాటం కోత.

మిర్వా రాయి ఆపేసింది. ఆ ముక్క రాలకపోయుంటే ఏం చేసేదని అడిగితే ఆమె ఇప్పటికీ సూటిగా చెప్పదు. "అడక్కు" అంటుంది. ఆ రోజు మాత్రం మిగతా బూట్లన్నిటికీ కళ్ళలో వత్తులేసుకుని సానపట్టింది. వెన్లా జతని బీరువాలో పెట్టి తాళం వేసింది.

మర్నాడు వెన్లా వచ్చింది. పదిహేడేళ్ళ పిల్ల. మెట్టెక్కేటప్పుడు తలుపు పట్టుకుంది.

"నా బూట్లు లేవు."

"ఉన్నాయి. ఇవ్వను. ఆ కాలు ఎన్నాళ్ళుగా అలా ఉంది?"

"నాకేం కాలేదు."

"నేనూ అదే అన్నాను అమ్మాయ్." మిర్వా మేజోడు కిందికి దించి తన చీలమండ చూపించింది. పిల్ల ముఖం తిప్పేసుకుంది.

"ఇవ్వు మిర్వా. ఇవ్వకపోతే నా చోటు పోతుంది. బెంచీ మీద ఇరిస్ కాచుకుని కూర్చుంది."

"చోటు పోతుంది. కాలు మిగుల్తుంది."

"నా మీద ప్రేమతో చేస్తున్నట్టు మాట్లాడకు! మార్కెట్టా మీద కచ్చతో చేస్తున్నావు. జట్టులో పిల్లలందరికీ తెలుసు."

"అవును, కచ్చతోనే" అంది మిర్వా. "అయితే మాత్రం? నీ కాలి కోసం అడ్డుపడటానికి ఊళ్ళో ఇంకెవరికీ ప్రేమ కూడా లేకపోయిందే."

వెన్లా ఏడుస్తూ వెళ్ళిపోయింది. కాసేపటికి మార్కెట్టా దిగింది. జుట్టు నెరిసింది, నడుం వంగలేదు.

"పాతికేళ్ళయినా చల్లారలేదా నీకు?"

"మంచులో పెట్టాను కదా. పాడవలేదు."

"ఆ బూట్లు పిల్ల సొత్తు. పోలీసుల్ని పిలుస్తాను."

"పిలువు. వాళ్ళనీ చెయ్యి లోపల పెట్టి చూడమంటాను. కత్తి మార్చినట్టు లేవే, పాతదేనా?"

మార్కెట్టా ముఖంలో రంగు మారలేదు. "నేను మెత్తగా ఉండుంటే ఈ ఊరి పేరు ఎవరికి తెలిసేది? నువ్వు పడ్డావు. నువ్వు లేకుండానే గెలిచాం. అదీ నీ మంట. వేరే బూట్లు తెప్పిస్తున్నాను. సాయంత్రం వెన్లా మంచు మీదే ఉంటుంది. కావలిస్తే వచ్చి చూసుకో."

మిర్వా చూసుకోవడానికే వెళ్ళింది. హాల్లో తల్లిదండ్రులు బెంచీల మీద కాఫీ తాగుతున్నారు. అరువు బూట్లలో వెన్లా సున్నం కొట్టిన గోడలా పాలిపోయి, వరసలో నిలబడి ఉంది. మిర్వా ఆ చీరిన బూటును యోర్మా ముందు పెట్టింది.

"నీ చేత్తో తెచ్చిచ్చావు కదా. లోపల ఒకసారి తడిమి చూడు."

తడిమాడు. వేళ్ళు బయటికి తీసి చూసుకున్నాడు. చీటీ చదివాడు. వెన్లా అతని కూతురే.

వీధి బూట్లతోనే మంచు మీదికి దిగాడు. జారుకుంటూ, తూలుకుంటూ వరస దగ్గరికి వెళ్ళాడు. "ఏంటి తల్లీ ఇది?"

"నాన్నా, వెళ్ళిపో. నా చోటు పోతుంది" అంటూనే అతని మెడ మీద వాలిపోయింది. ఎత్తుకుని బయటికి తెచ్చాడు.

మార్కెట్టా అటు చూడనైనా చూడలేదు. "ఇరిస్! వెన్లా చోటులోకి."

ఏడాదిపాటు ఆ పిలుపు కోసమే కాచుకున్న పిల్ల ఇరిస్. లేచి నిలబడింది. "నేను రాను" అంది. ఉన్నచోటు నుంచి కదల్లేదు.

"అయితే వరసలో ఉన్నవాళ్ళే ఖాళీ మూయండి. పాట పెట్టండి!"

పాట మొదలైంది. పిల్లలు కదిలారు. వెన్లాకు అటూ ఇటూ నిలబడే ఇద్దరు పిల్లలు చేతులు చాచారు, ఒకరికొకరు అందించుకోలేదు. చక్రం తిరిగింది, వరసలు దాటాయి. వెన్లా చోటు వెన్లాకే ఉండిపోయింది, పన్ను ఊడిన చిగురులా. "ఖాళీ మూయండి! మూయండంటున్నానా!" అని మార్కెట్టా గొంతు చించుకుంది. ముప్పయ్యేళ్ళుగా కనుసైగకి తిరిగిన పిల్లల వరస ఆమె మాట వినలేదు. మిర్వా అడ్డుగోడకి మోచేతులు ఆనించి, నవ్వు దాచుకోకుండా, పాట అయ్యేదాకా చూసింది. అంత కడుపునిండా ఆమె ఏ పండక్కీ తినలేదు.

రీతె ఆ ఏడు ప్రపంచ పోటీలకి వెళ్ళలేదు. వెన్లా ఎముకలో బీట ఉందని, ఇంకొన్నాళ్ళు ఆడి ఉంటే పూర్తిగా విరిగేదని డాక్టరు చెప్పాడు. పిల్ల ఇప్పుడు తిన్నగా నడుస్తోంది కానీ మిర్వాతో మాట్లాడదు. సగంమంది తల్లిదండ్రులు మిర్వా కొట్టుకు రావడం మానేశారు. పతకం పోగొట్టిన మనిషి కదా. మార్కెట్టాకు మాత్రం జట్టు పెద్దలు పూలగుత్తి ఇచ్చి, 'ఆరోగ్య కారణాలు' అని చెప్పి గౌరవంగా సాగనంపారు. ఆకులు రాలే కాలానికల్లా ఇంకో ఊరి జట్టు ఆమెను పిలిచి కోచ్‌ని చేసింది. ఇంకా చిన్నపిల్లల జట్టు.

మిర్వా ఇప్పుడు శనివారం శనివారం కొట్టు మూసేసి, బస్సెక్కి ఆ ఊరు వెళ్తుంది. ఫ్లాస్కూ, రై రొట్టే పక్కన పెట్టుకుని ముందు బెంచీలో కూర్చుంటుంది. మొదటి రోజు మార్కెట్టా వచ్చి పళ్ళు బిగించి అడిగింది: "ఎందుకొచ్చావ్?"

"ఆట చూడ్డానికి."

"ఎన్నాళ్ళు చూస్తావ్?"

"నీ చేతులు పిల్లల బూట్ల మీదికి పోకుండా ఉండేదాకా. నాకు తొందరేం లేదు. బస్సు పాసు కొన్నాను."

ఆమె కూర్చున్న రోజున ఆ హాల్లో కుంటే పిల్లని మంచు ఎక్కించడం లేదు. మిగతా రోజుల సంగతి ఎవరికీ తెలియదు. ఒక్క మనిషి ఎన్ని బెంచీల మీద కూర్చోగలదు? ఆమె చేతిలో ఉన్నవి శనివారాలే. మార్కెట్టాలకి కొదవ లేదు. వాళ్ళు ఫిన్లాండ్‌లోనే కాదు, మీ పిల్ల కబడ్డీ ఆడే చోటా, ఈతకొట్టే చోటా, గజ్జె కట్టే చోటా ఉన్నారు. గెలిపిస్తున్నారు కదా అని మనం ఊరుకున్నంత కాలం ఉంటారు. అందుకని చదివేవాళ్ళని అడుగుతున్నాను. ఈ వారమే ఒకసారి వెళ్ళండి. పిలవకపోయినా వెళ్ళండి, అందరికీ కనబడేట్టు కూర్చోండి. ఏ పిల్లయినా కాలు ఈడుస్తుంటే, మీ పిల్ల కాకపోయినా సరే, లేచి గట్టిగా అడగండి. అడిగినందుకు మిమ్మల్ని తిడతారు. తిట్టనివ్వండి. జవాబు వచ్చేదాకా అక్కణ్ణించి కదలకండి.