అమ్మతో మాట్లాడే డ్యూటీ

మా చిన్నప్పుడు ఆదివారం వచ్చిందంటే మా అమ్మకి ఓడ ప్రాక్టీసు! పొద్దున్నే ఉప్మా తిని, పోర్ట్‌బ్లెయిర్‌లో మా షాదీపూర్ దగ్గర బస్సెక్కి ఛాథం జెట్టీకి వెళ్ళి, అవతలి ఒడ్డున ఉన్న బాంబూఫ్లాట్‌కి ఫెర్రీ ఎక్కేవాళ్ళం. దిగీ దిగగానే మళ్ళీ అదే ఫెర్రీలో వెనక్కి. అమ్మ చేతిలో నిమ్మకాయ... నాన్నా నేనూ ఆవిడ మొహంలోకే చూస్తూ కూర్చునేవాళ్ళం.

ఎందుకంటారా... పెళ్ళయి నాన్నతో పోర్ట్‌బ్లెయిర్ వచ్చేటప్పుడు వైజాగ్ నుంచి ఓడలో దారంతా వాంతులేనట. జెట్టీలో దిగుతూ “మళ్ళీ ఓడెక్కితే ఒట్టు” అందట. ఆ మాట మీదే ఉండిపోయింది. ఎనభైల మొదట్లో మాలాంటి గుమాస్తా కుటుంబానికి విమానం అంటే తలెత్తి చూడటానికే. నేను పుట్టి బడికి వెళ్తున్నా, భీమిలిలో అమ్మమ్మ నన్ను ఫోటోలో తప్ప చూడలేదు.

అమ్మమ్మ చూపు మందగిస్తోందని మావయ్య కబురు పంపాడు. అప్పుడు కదిలింది అమ్మ. “చూపుండగానే పిల్లని చూపించాలండీ” అని ఏడ్చింది.

మా కాలనీ తెలుగువాళ్ళందరూ ఊరెళ్ళేది మే సెలవుల్లో. అప్పటికి సముద్రం రేగుతుంది. నాన్న బాగా ఆలోచించి, “మార్చి ఆఖర్లో పోదాం. సీజన్ కాదు, ఓడ ఖాళీ. సముద్రం కూడా శాంత్‌గా ఉంటాది” అన్నాడు. నాన్న ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం నేను వినడం అదే మొదలు! కూర బాగుంటే రెండోసారి వడ్డించుకునేవాడు, బాగోకపోతే మజ్జిగలోకి వెళ్ళిపోయేవాడు... అంతే ఆయన మాట.

ఆ ప్రయాణం కోసమే ఈ ఆదివారం ప్రాక్టీసు. మొదట్లో ఆ కాస్త ఫెర్రీకే అమ్మ మొహం పాలిపోయేది. ఒక ఆదివారం పక్కింటి రమణమ్మ దీదీ కూడా వచ్చింది. ఆవిడ ఇక్కడే పుట్టిన శ్రీకాకుళం వాళ్ళమ్మాయి, నోరు ఊరుకోదు. ఫెర్రీ ఎక్కుతూనే వాళ్ళ ఆడపడుచు పెళ్ళిచూపుల కథ ఎత్తుకుంది. కథ సగంలో ఉండగానే అవతలి ఒడ్డు వచ్చేసింది. అమ్మ నిమ్మకాయ వాసన కూడా చూడలేదు!

“దేఖో బెహన్... బాతాఖానీ కొడితే నీకు కుచ్ నహీ హోతా, ఏమీ అవదు. నోరు మూసుకుంటేనే కళ్ళు తిరుగుతాయి” అని తేల్చేసింది దీదీ.

మందు దొరికింది... కానీ కొత్త చిక్కొచ్చి పడింది. మే నెలలో అయితే సగం కాలనీ ఓడలోనే ఉంటుంది, కబుర్లకి కరువుండదు. మార్చిలో ఖాళీ ఓడలో అమ్మతో మాట్లాడేదెవరు? దీదీని రమ్మంటే, చౌల్దారీ ఊళ్ళో వాళ్ళ తోటలో కూరగాయలు కోతకొచ్చాయంది. ఇక మిగిలింది మేమిద్దరమే. పొద్దున్న డ్యూటీ నాది, సాయంత్రం నాన్నది.

ఓడ కదిలిన పూటకే నా పొడుపుకథలు అయిపోయాయి. ఎక్కాలు మొదలెడితే అమ్మే “చాల్లేవే” అంది. నడిసముద్రంలో ఓడ కాస్త ఊగేసరికి నిమ్మకాయ ముక్కుకి ఆనించి కళ్ళు మూసుకుంది. “నేనొల్లనండీ... వెనక్కి తిప్పమనండి” అంది, అదేదో మా కాలనీ బస్సయినట్టు.

నాన్న పక్కన కూర్చుని గొంతు సవరించుకున్నాడు. చివరికి, “పార్వతీ... నిన్ను చూసుకోడానికొచ్చిన రోజు నాకు జొరం, తెలుసా?” అన్నాడు.

అమ్మ కళ్ళు తెరిచింది. “అందుకా అలా వణికిపోయారు! భయమేమో అనుకున్నాను.”

“భయం కూడానూ.”

అంతే, ఇక ఆగలేదు ఆయన. పెళ్ళికి ముందు ఒంటరిగా ఉన్నప్పుడు మాడ్చిన అన్నాలు, గదిలోకొచ్చిన జెర్రి, మొదటి వానాకాలం... అమ్మ నవ్వుతూనే ఉంది. రెండో రోజు సాయంత్రం డెక్ మీద మెల్లగా అన్నాడు... “నువ్వు ఓడెక్కనన్నప్పుడల్లా లోపల్లోపల సంతోషించేవాణ్ణి. వెళితే మళ్ళీ వస్తావో రావో అని.”

“పిచ్చి మనిషి” అని అమ్మ ఆయన భుజానికి తల ఆనించింది. కళ్ళు మాత్రం తిరగలేదు!

భీమిలిలో అమ్మమ్మ నా మొహాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, “ముక్కు మీ నాన్నదే” అని ముద్దులు కురిపించింది. అమ్మ మాత్రం గడప దాటగానే “ఇల్లు ఊగుతోందమ్మా” అని మంచమెక్కింది. “ఓడలో లేని రోగం నా ఇంట్లోనా!” అని అమ్మమ్మ ఒకటే నవ్వు.

ఇప్పుడు మేం పోర్ట్‌బ్లెయిర్‌లోనే గరాచర్మలో ఉంటున్నాం. మొన్న మార్చిలో అమ్మానాన్నల్ని విమానంలో వైజాగ్ తీసుకెళ్ళాను. సీటు బెల్టు సర్దుకుని, టీ తాగేసరికి దిగడానికి సిద్ధం కమ్మన్నారు.

“ఏటండీ... ఏటీ మాట్లాడరేటి?” అంది అమ్మ.

“మొదలెడదామనుకున్నాను... ఊరొచ్చేసింది” అన్నాడు నాన్న.

మీ ఇంట్లోనూ ఇలాంటి మౌనస్వాములు ఉండే ఉంటారు... వాళ్ళ నోరు విప్పించిన ప్రయాణం ఏదో చెప్పండి, తీరిగ్గా చదువుకుంటాను.