చుట్ట చుట్టుకున్నప్పటి కొలత

మేకప్ మ్యాన్ స్పాంజికి రంగు అద్దుకుని పాము మూతి దగ్గరికి వంగాడు. పాము తలను మా తమ్ముడు రెండు చేతులతో కదలకుండా పట్టుకున్నాడు. మూతి చివర తోలు లేచిపోయి లోపలి ఎరుపు కనిపిస్తోంది. జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాత గారి ఇంటి హాలు అది. లైట్లు పెట్టారు, కెమెరా సిద్ధంగా ఉంది. నిర్మాత గారి ఇల్లు చూపించే వీడియో తీస్తున్నారు.

"ఏ షేడు వెయ్యమంటారు సార్?" అని అడిగాడు మేకప్ మ్యాన్. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

"హీరోయిన్ షేడు వద్దు బాబాయ్, ఆవిడ అలిగి వెళ్లిపోద్ది," అన్నాడు కెమెరా వెనక నుంచి ఒకడు. అందరూ నవ్వారు. నిర్మాత గారు కూడా నవ్వారు.

"చెయ్యి తియ్యి," అన్నాను నేను.

మేకప్ మ్యాన్ నా వైపు చూడలేదు, మా తమ్ముడి వైపు చూశాడు.

"అక్కా, జర ఆగు," అన్నాడు మా తమ్ముడు. "రెండు నిమిషాల పని. షాట్ అయినంక మేమే కడిగేస్తం."

"దాని మూతి పుండైంది. నీకు కండ్లు కనిపిస్తలేవా?"

"కనిపిస్తున్నది గదా. గందుకే గదా మేకప్!"

ఆ మాటకు వచ్చిన కోపం నాకింకా తగ్గలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా వేళ్లు వేడెక్కుతున్నాయి. వాడు ఆ మాట అమాయకంగా అన్నాడు. అసలు కోపం అందుకే. పుండు కనిపిస్తే మందు గుర్తుకు రావాలి. ఆ హాలులో ఉన్నవాళ్లెవరికీ మందు గుర్తుకు రాలేదు, షేడు గుర్తుకొచ్చింది.

నేను వెళ్లి గోడలో ఉన్న పాము గాజు పెట్టె ముందు నిలబడ్డాను. నేను అక్కడుంటే ఫ్రేము కుదరదు. కాసేపు బతిమాలారు, కాసేపు విసుక్కున్నారు. "మీడియాలో పనిచేసిన వాళ్లు మీరు, మీకు తెలియనిదేముందండీ," అన్నారు నిర్మాత గారు. చివరికి పామును లోపల వదిలి, ఆ గోడ మీద తెర వేసి, మిగతా ఇల్లు తీసుకున్నారు. ఆయనను ప్రశ్నలడగడానికి వెళ్లిన నేను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ఇంటికొచ్చేశాను.

సంగతి అక్కడిదాకా ఎలా వచ్చిందో చెప్పాలి.

నేను దినపత్రికలో చాలా ఏళ్లు పనిచేశాను. మొదట సిటీ పేజీ, తర్వాత సినిమా పేజీ. ఇప్పుడు యూసుఫ్‌గూడలో ఉంటూ, ఎవరైనా అడిగితే సినిమా వాళ్లతో నింపాదిగా మాట్లాడే ఇంటర్వ్యూలు చేస్తున్నాను. మా తమ్ముడు ఆర్ట్ డైరెక్టర్. ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగినవాళ్లం. ఫిల్మ్‌నగర్ ఆఫీసులో వాడు "ఏంటండీ, ఎప్పుడొచ్చారండీ" అంటాడు. నా ఇంటి గడప తొక్కగానే "ఏందక్కా, చాయ్ లేదా" అంటాడు. రెండు భాషలూ వాడివే. నాకు దాని మీద కోపం లేదు.

నిర్మాత గారు ఆ పామును పిల్లగా ఉన్నప్పుడు తెచ్చుకున్నారు. అప్పుడది మణికట్టుకు గాజులా చుట్టుకునేదట. ఇంటికొచ్చినవాళ్లు కొండచిలువ అంటే ఆయన ఒప్పుకోరు. "కొండచిలువ కాదండీ, బోవా. సముద్రాలవతల అడవుల్లోది," అని ఓపిగ్గా సరిదిద్దుతారు. అనుమతి కాగితాలు కూడా పక్కాగా ఉన్నాయి. పేరు విషయంలో అంత పట్టింపు ఉన్న మనిషి పొడవు సంగతి పట్టించుకోలేదు. పిల్లప్పుడు ప్లాస్టిక్ డబ్బా సరిపోయింది. పెరుగుతుంటే ఇంకొంచెం పెద్ద డబ్బా. పూర్తిగా పెరిగాక, హాలు కొత్తగా చేయిస్తున్నప్పుడు, గోడలోనే దానికో గాజు పెట్టె కట్టమని మా తమ్ముడికి అప్పగించారు.

వాడు కట్టింది చూస్తే ఎవరైనా అబ్బా అంటారు. వెనక గోడ మీద అడవి గీశాడు. ముందు పెద్ద ఆకులు, వెనక్కి పోతున్నకొద్దీ చిన్నవి, మధ్యలో సన్నబడుతూ పోయే బాట, చివర పొగమంచు. సెట్లలో ఇరుకు గదిని పొడవాటి వరండాలా చూపించే విద్య అది. దాన్ని వాళ్లు డెప్త్ ఇవ్వడం అంటారు. సోఫాలో కూర్చుని చూస్తే ఆ పెట్టె గోడ దాటి ఎక్కడికో పోతున్నట్టుంటుంది. లోపల చెయ్యి పెడితే భుజం దాకా పోకముందే పొగమంచు తగులుతుంది.

వీడియో రోజు సాయంత్రం వాడు మా ఇంటికొచ్చాడు. నేను చాయ్ ఇవ్వలేదు.

"అందరి ముందట ఇజ్జత్ తీసినవక్కా."

"పెట్టె కొలత ఎట్ల తీసుకున్నవ్‌రా?"

"ఎట్ల తీస్తం? టేపు పెట్టి తీసిన."

"పాము ఎట్లున్నప్పుడు?"

"పండుకున్నప్పుడు."

"అంటే?"

"చుట్ట చుట్టుకుని ఉన్నది. ఈ మూల నుంచి ఆ మూలకు రెండడుగులు కూడ లేదు. అయినా నేను నాలుగడుగులు పెట్టిన. డబల్ పెట్టినక్కా! గది నా ఖర్మ, ఒక్కడన్న మెచ్చుకోలే."

నాకు నవ్వూ ఏడుపూ రెండూ రాలేదు. పెట్టె నాలుగడుగుల పొడవు, రెండడుగుల లోతు, రెండడుగుల ఎత్తు. పడుకున్న మనిషి ముడుచుకున్న కాళ్లను కొలిచి మంచం చేస్తే ఎలా ఉంటుంది? మా తమ్ముడు తెలివితక్కువవాడు కాదు. సెట్లో గుర్రం నిలబడాల్సి వస్తే గుర్రం నిలబడేంత కడతాడు, పరుగెత్తాల్సి వస్తే పరుగెత్తేంత కడతాడు. పాము మాత్రం వాడి లెక్కలో చుట్ట చుట్టుకుని పడుకునే వస్తువు. కెమెరా ముందు అది ఏం చేయాలో అంతకే కొలిచాడు. కెమెరా వెళ్లిపోయాక అది కదులుతుందని వాడికి తట్టలేదు.

"పాములు ఇరుకు జాగలనే ఇష్టపడతయంట. నెట్ల చూసిన," అన్నాడు.

"నెట్ల కాదు, తెలిసినోళ్లను అడుగుదాం. నడువ్."

ఇలాంటి జంతువులను చూసే పశువైద్యురాలు ఒకరు నాకు పత్రిక రోజుల నుంచి పరిచయం. ఆమె నిర్మాత గారింటికి రావడానికి ఒప్పుకున్నారు. ఆమెది కోస్తా. మాట మెత్తగా ఉంటుంది, కత్తిలా తెగుతుంది.

వచ్చీ రాగానే ముందు హాలులో ఏసీ ఆపమన్నారు. పెట్టెలో చెయ్యి పెట్టి రెండు మూలలూ తడిమి చూశారు. తర్వాత పామును బయటకు తీయించి సోఫా మీద పరిచి, దాని వీపు వెంట దారం పట్టుకుంటూ తోక దాకా వెళ్లారు. ఆ దారాన్ని నేల మీద చాచి కొలిస్తే ఏడడుగుల పైన వచ్చింది. మా తమ్ముడు ఆ దారం వైపే చూస్తూ ఉండిపోయాడు.

"ఇది ఎన్నాళ్ల నుంచి ఒళ్లు చాపలేదండీ?" అని అడిగారు ఆమె.

నిర్మాత గారు పాము వీపు నిమిరారు.

నేను నా బాధ చెప్పాను. "పాపం, ఆ గీసిన బాటను నిజం బాట అనుకుని మూతి పెట్టి పొడుచుకుంది డాక్టర్ గారూ."

"అదేం లేదండీ. మీ బొమ్మ దానికి అక్కర్లేదు. దారి ఎక్కడుందో అని మూల మూలా మూతితో వెతుక్కుంది, దొరకలేదు. మళ్లీ వెతుక్కుంది. రాసుకుని రాసుకుని పుండైంది. ఆ బొమ్మ చూసి లోపల చాలా చోటుందనుకున్నది మీరు. పాము మోసపోలేదు."

మా తమ్ముడు మెల్లగా, "ఇరుకు జాగంటే వాటికి ఇష్టమని చదివిన మేడమ్," అన్నాడు.

"దాక్కోడానికి ఇరుకే కావాలి. చలేస్తే మీరు దుప్పట్లో దూరతారు కదా? అలాగని దుప్పట్లోనే కాపురం పెడతారా?"

అందరం నవ్వాం. వాడు కూడా నవ్వాడు. ఆ రోజు ఆ హాలులో నేను నవ్విన నవ్వు అదొక్కటే.

ఆమె చెప్పింది కష్టమైన విషయమేం కాదు. పెరిగిన పాము పూర్తిగా చాచుకుంటే దాని పొడవు ఎంతో, పెట్టె పొడవు కనీసం అంత ఉండాలి. దీనికి ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల లోతు పెట్టుకోమన్నారు. ఎత్తు కూడా నాలుగు, ఎందుకంటే ఇవి కొమ్మలెక్కుతాయి, ఆ బరువుకు ఆగే కొమ్మ కావాలి. ఒక చివర వెచ్చగా, ఇంకో చివర చల్లగా ఉండాలి. నాలుగడుగుల పెట్టెలో ఒక దీపం పెడితే అంతా ఒకే వేడి, ఆర్పితే అంతా ఒకే చలి. పాము తనకు కావాల్సిన వేడిని వెతుక్కుంటూ జరగాలంటే జరగడానికి చోటుండాలి. రెండు చివర్లా దాక్కునే గూడు, ఒళ్లంతా ముంచుకునే నీళ్ల తొట్టి, గాలి ఆడే సందులు, గట్టి తాళం. ఇవన్నీ పెట్టాక కూడా మధ్యలో అది చాచుకునే నేల మిగలాలి. అంతే.

అంతే అంటున్నాను కానీ, అంత చిన్న సంగతి ఆ ఇంట్లో ఎంత పెద్దదైందో చూశాను.

ఆ హాలులో ఎనిమిదడుగుల గోడ ఒక్కటే ఉంది. మిగతావన్నీ అద్దాలు, తలుపులు, మెట్లు. ఆ ఒక్క గోడకు షీల్డుల బీరువా ఉంది. శతదినోత్సవాల షీల్డులు, సన్మానాల షీల్డులు, ఎందుకిచ్చారో ఆయనకే గుర్తులేని షీల్డులు. ఆ గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా లోపల దీపాలతో సహా నిలబడి ఉన్నాయి.

"షీల్డులు తీసి ఎక్కడ పెట్టమంటారండీ?" అన్నారు నిర్మాత గారు. నిజంగా బాధపడుతూ అన్నారు.

"దగ్గర దగ్గరగా పెట్టండి," అన్నాను. "అవి ఒళ్లు చాపుకోవు కదా."

ఆయన ముఖం ముడుచుకున్నారు. పైన జిమ్ గది ఉంది. ట్రెడ్‌మిల్ మీద తువ్వాళ్లు ఆరేసి ఉన్నాయి, నేను కళ్లారా చూశాను. ఆ గది ఇవ్వవచ్చు కదా అంటే, పైన ఉంటే వచ్చినవాళ్లకు ఎలా కనిపిస్తుందండీ అన్నారు. పైగా పాము తల మీద ఉండటం మంచిదేనా అని వాస్తు ఆయనను అడగాలన్నారు. పోనీ సరిగ్గా చూసుకునేవాళ్లకు అప్పగించండి అంటే, "పిల్లప్పటి నుంచి పెంచుకున్నానండీ, మీకేం తెలుసు ఆ ప్రేమ," అన్నారు. అది నటన కాదు. ప్రేమ ఉంది. ఆ ఇంట్లో ప్రేమకు కొరత లేదు, నాలుగడుగుల గోడకే కొరత. నాకు మంట పుట్టేది అక్కడే. క్రూరుడైతే తిట్టి వచ్చేయొచ్చు. ఈయనకు ఆ పామంటే ప్రాణం, ఆ ప్రాణం ఒళ్లు చాపుకోలేక ఆయన సోఫా పక్కనే మూతి రాసుకుంటోంది.

పత్రికలో మాకూ ఇలాంటి ఇరుకులుండేవి. వార్త పొడవు ఎక్కువైతే చివరి పేరా కోసేస్తాం, ఫోటో పట్టకపోతే పక్కన నిలబడ్డవాణ్ణి కత్తిరిస్తాం. వాడు మర్నాడు ఫోన్ చేసి తిడతాడు. పడతాం. పాము ఫోన్ చేయదు. అరవదు కూడా. కుక్క అయితే ఆ నాలుగడుగుల్లో ఒక్క పూట పెడితే వీధంతా వినపడేలా ఏడ్చేది. ఇది చుట్ట చుట్టుకుని ఊరుకుంటుంది. ఊరుకున్నది కదా అని అందరూ హాయిగా ఉందనుకుంటారు. ఎదుటివాళ్లు సర్దుకుని ముడుచుకుంటే ఆ ముడుచుకున్నదే వాళ్ల కొలత అనుకునే అలవాటు ఈ పామొక్కదానితో మొదలు కాలేదు. కృష్ణానగర్ గదుల్లో ఒకరి కాళ్ల దగ్గర ఒకరు తల పెట్టుకుని పడుకునే జూనియర్ ఆర్టిస్టులను అడిగితే చెబుతారు.

డాక్టరమ్మ వచ్చి వెళ్లాక మా తమ్ముడు కొన్నాళ్లు నాకు ఫోన్ చేయలేదు. అలిగాడనుకున్నాను. తర్వాత ఒక మధ్యాహ్నం వచ్చి, చెప్పులు కూడా విడవకుండా, "నడువు, ఒకటి చూపిస్త," అన్నాడు. మోతీనగర్‌లో వాడి సెట్ సామాను పెట్టుకునే షెడ్డుకు తీసుకెళ్లాడు. థర్మోకోల్ స్తంభాల మధ్య, తలలేని విగ్రహాల వెనక, కొత్త పెట్టె నిలబడి ఉంది. ఎనిమిది, నాలుగు, నాలుగు. మందమైన గాజు తలుపులు, జాలీ కిటికీలు, రెండు తాళాలు, అడ్డంగా బిగించిన నిజమైన చెట్టుకొమ్మ. వెనక గోడ మీద బొమ్మ లేదు.

"డెప్త్ ఇయ్యలేదా?" అన్నాను.

"అసలు డెప్తే ఉన్నది గదక్కా, మల్ల గీసుడెందుకు?"

ఆ కొమ్మ పట్టుకుని ఊపి చూశాను. కదల్లేదు. ఆ రోజు వాడికి చాయ్ నేనే పోయించాను.

మొన్న మళ్లీ నిర్మాత గారింటికి వెళ్లాను. వాస్తు ఆయన ఊళ్లో లేరట, షీల్డుల సంగతి పండగ తర్వాత చూద్దామన్నారు. ఏసీ మాత్రం ఇప్పుడు తక్కువగా వేస్తున్నారు, డాక్టరమ్మ ఇచ్చిన మందు రాస్తున్నారు. పాము అదే గోడలో, గీసిన పొగమంచు కింద, చుట్ట చుట్టుకుని ఉంది. మూతి మీద కొత్త తోలు వస్తోంది, దాని చివర మళ్లీ కొంచెం ఎరుపు కనిపించింది.

మోతీనగర్ షెడ్డులో పెట్టె ఖాళీగానే ఉంది. ఎవరో దాన్ని చూసి, ల్యాబ్ సీనుకు బాగుంటుందని అద్దెకు అడిగారట. మా తమ్ముడు ఇంకా ఇవ్వననీ అనలేదు, ఇస్తాననీ అనలేదు.